‘మంచిది’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

తొమ్మిదో తరగతి మూడేళ్లు చదివాను కాబట్టి దాన్ని నా అంత క్షుణ్ణంగా చదివినవాడు అమెరికాలో ఉండడు. ఎనభైల్లో ఆ చదువుతోనే అర్కాన్సాస్‌లో ఒక మొబైల్ హోమ్ పార్కు నడిపాను. ట్రక్కుకు కట్టి లాక్కెళ్లగలిగే ఆ ఇళ్లు అందులో ఉండేవాళ్లవి, నేల నాది. ఇల్లు అమ్మాలంటే కొనేవాళ్లను ముందు నాకు చూపించి, నా సంతకం తీసుకోవాలి.

ఒక ఆదివారం పార్కులో ఉండే మన తెలుగాయన ఇంటి ముందు ఎవరివో చెప్పులు వరసగా కనిపించాయి. తలుపు తీసిన ఆవిడ, ఆ ఇల్లు తామే కొన్నామని చెప్పింది.

“ఎవరి అప్రూవల్‌తో దిగారమ్మా?”

“ఆయన ఫోన్ చేసి అమ్ముతున్నానంటే మీరు ‘మంచిది’ అన్నారట కదండీ.”

“ఫోన్ పెట్టేసేముందు అలాగే అంటాను. చావు కబురు చెప్పినా అంటాను.”

“పిల్లల్ని ఇక్కడి స్కూల్లో జాయిన్ చేసేశామండీ.”

“నా నేల మీద దిగేముందు నన్నడగాల్సింది.”

నోటీసు ఇచ్చాను. రాతలో లేని మాట చెల్లదని కోర్టు కూడా అంది. ఆఖరికి ట్రక్కు వచ్చి ఇంటిని లాక్కెళ్లింది. ఆవిడ కారెక్కుతుంటే నోరు ఊరుకోక, “మంచిదమ్మా” అన్నాను.

“అది కూడా కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. రేపు అనలేదంటారు,” అంది.