లాభం, రెండు, మూడు

నిన్న మధ్యాహ్నం ఒక లారీ దిగి ఇంకో లారీ కాంటా ఎక్కేలోపు కాస్త ఖాళీ దొరికి ఫోన్ తీస్తే, అది నాకొక సలహా ఇచ్చింది. లోపల చోటు అయిపోవస్తోందట, ఒకేలాంటి ఫైళ్లు తొమ్మిది ఉన్నాయట, ఒకటి ఉంచుకుని మిగతా ఎనిమిది తీసేయమంటావా అని అడిగింది. వద్దు అని నొక్కాను. నొక్కాక అనుమానం వచ్చింది. నిజంగా వద్దు మీదే నొక్కానా? లోపలికి వెళ్లి లెక్కపెట్టుకున్నాను. తొమ్మిదీ ఉన్నాయి. ఇవి కాక మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో రెండు, పెన్‌డ్రైవ్‌లలో మూడు, కాంటా గది బీరువాలో ఒక మెమరీ కార్డు మీద ఒకటి. మొత్తం పదిహేను. అన్నీ ఒకటే, పదమూడు సెకన్ల శబ్దం. బయట లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నా రెండోసారి కూడా లెక్కపెట్టి గానీ లేవలేదు.

పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న కాంటాలో ఇరవై రెండేళ్లుగా లారీలు తూస్తున్నాను. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం బడి కన్నా కల్లంలో ఎక్కువ నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట మా మేనేజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి కొత్తగా వచ్చే కార్మికులకు జాగ్రత్తలు చెప్పే వీడియోలు మనమే తీసుకుంటే బాగుంటుందని. ఎవరు నేర్చుకుంటారని అడిగితే అందరూ నా వైపు చూశారు. కళ్లద్దాలు పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అలా సంగారెడ్డిలో ఒక కాలేజీ నడిపే మల్టీమీడియా కోర్సులో చేరాను. శని, ఆదివారాల్లో క్లాసులు, ఆరు నెలలు. మొత్తం ఇరవై నాలుగు మందిమి. అందులో ఇరవై మూడు మంది మా అమ్మాయి ఈడువాళ్లు. పాఠం చెప్పే సారు కూడా నాకన్నా చాలా చిన్న. ఆయన నన్ను అంకుల్ అనేవాడు, నేనాయన్ని సార్ అనేవాణ్ణి.

ఆ గదిలో అడుగుపెట్టిన రోజు నుంచీ నాకు భయమే. ఏసీ చల్లదనానికి చేతులు బిగుసుకుపోయేవి. ఏది నొక్కినా ఆ యంత్రం ‘ఖాయమేనా?’ అని అడిగేది. కాంటా ఏనాడూ నన్ను అలా అడగలేదు. ఎక్కిన బరువు చెప్పి ఊరుకునేది. అందుకని ప్రతి పనినీ అంచెలంచెలుగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కంప్యూటర్ తెరిచి, ఒక వీడియో ముక్క కోసి, మూసేదాకా నలభై ఒక్క అంచెలు. పక్కన కూర్చునే అమ్మాయి అది చూసి, “అంకుల్, గిదేంది, వంట పుస్తకమా?” అని నవ్వేది. నచ్చిన సంగతి ఒకటుంది. వీడియోలో సెకనంటే ఇరవై ఐదు బొమ్మలని సారు చెప్పినప్పుడు, కాలాన్ని కూడా కొలవొచ్చన్నమాట అని ప్రాణం కాస్త కుదుటపడింది.

చివరి నెలలో ఒక పని ఇచ్చారు. మనకు తెలిసిన మనిషి ఒకరితో మాట్లాడించి, ఐదు నిమిషాల వీడియో చేయాలి. అసలు రికార్డింగుకు ముందు ఆ మనిషితో ఒకటి నుంచి పది దాకా చెప్పించి, ఆ ముక్కను వేరుగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చూపిస్తే, శబ్దం సరిపోయిందో లేదో సారు చెబుతారు. నేను మా అక్కను అనుకున్నాను. నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. సంగారెడ్డి వైపు కొండాపూర్ దగ్గర పల్లెలో ఉంటుంది. అప్పటికే ఆమె గొంతులో గడ్డ బయటపడింది. మాట పుట్టే పెట్టెనే తీసేయాలి, అలా తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు అన్నారు పట్నం డాక్టర్లు. ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చేశారు. అంటే కాలేజీ వాళ్ల పని నాకొక సాకు మాత్రమే.

కాలేజీ వాళ్లిచ్చిన రికార్డర్ పట్టుకుని వెళ్లేసరికి అక్క గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మైకు దగ్గర పెట్టగానే వెనక్కి జరిగింది.

“ఏందిర తమ్మీ, గీ డబ్బ మూతికాడ పెడుతున్నవ్? కొరుకుతదా?”

“కొరకదక్కా. ఒకటి కెల్లి పది దాక లెక్కపెట్టు. సౌండ్ సూసుకోవాలె.”

“నాకే లెక్కలు సెప్తున్నవా? నీకు నేర్పిందెవరు?”

నిజమే. చిన్నప్పుడు మా కల్లంలో జొన్నలు కొలిచింది అక్కే. కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరువాతే రెండు, మూడు. నేను అంకెలు నేర్చుకున్నది ఆ కుంచం పక్కనే. బడిలో చేరిన కొత్తలో సారు లెక్కపెట్టమంటే “లాభం, రెండు, మూడు” అని అందుకున్నాను. క్లాసంతా నవ్వింది, అరచేతి మీద ఒక దెబ్బ పడింది. నాకు మాత్రం ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో చాలా రోజులు అర్థం కాలేదు.

ఆ రోజు మైకులోనూ అక్క అలాగే చెప్పింది. లాభం నుంచి పది దాకా, గింజ రాలనివ్వని కొలతలా నిదానంగా. తరువాత నలభై నిమిషాలు మాట్లాడింది. పెళ్లిచూపులకు వచ్చిన రోజు బావ ఎవరివో చెప్పులేసుకుని వెళ్లిపోయాడని చెబుతుంటే, బయట నుంచి బావ, “అబద్ధం! నా చెప్పులే వాళ్లు దాసిన్రు!” అని అరిచాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది. అంతా అయ్యాక నేను వైర్లు చుట్టుకుంటుంటే నా చెయ్యి పట్టుకుంది.

“నా మాట నీ కాడ పెట్టి పోతున్న తమ్మీ. ఆపరేషన్ అయినంక నాకే వినిపియ్యాలె. నా గొంతు ఎట్లుంటుండెనో మర్చిపోతనేమో.”

శుక్రవారం ఆపరేషన్ అయింది. శనివారం మా చివరి క్లాసు. నేను కూర్చిన ఐదు నిమిషాలను సారు ల్యాబ్‌లోని కంప్యూటర్ మీదే చూసి మార్కులు వేసేశారు. సోమవారం యంత్రాలన్నీ తుడిచేస్తాం, ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి, ఇంటి దగ్గర వీడియోగా మార్చుకోండి అన్నారు. నోట్‌బుక్ ముందు పెట్టుకుని నా ప్రాజెక్టు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఎక్కించి ఊరుకోలేదు. పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి, అదే కంప్యూటర్ మీద మొదటి నుంచి చివరి దాకా వేసి చూశాను. అక్క మాట్లాడింది, బావ అరిచాడు, అక్క నవ్వింది. నిశ్చింతగా జేబులో వేసుకుని బస్సెక్కాను.

సోమవారం సాయంత్రం మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెర అంతా ఎర్రగా వచ్చింది. ఫైలు దొరకలేదు అని ముక్క ముక్క మీదా రాసి ఉంది. పన్నెండు ముక్కలు, పన్నెండు ఎర్ర గళ్లు. సారుకు ఫోన్ చేశాను.

“అంకుల్, ప్రాజెక్టు ఫైల్ల ఏముండది. ఏ ముక్క యాడుందో రాసుకున్న చిట్టీ అంతే. అసలు సరుకు మీడియా ఫోల్డర్ల ఉంటది. అది తీస్కపోలేదా?”

“లేదు సార్.”

“పొద్దుగాలనే ఫార్మాట్ కొట్టేసినం అంకుల్.”

శనివారం అంతా వినబడింది, ఆ సరుకంతా ఆ యంత్రంలోనే ఉంది గనుక. తూకం సరిచూసుకున్నది మళ్లీ అదే కాంటా మీద. ఏళ్ల తరబడి అందరికీ వద్దని చెప్పే పని అది. అనుమానం ఉంటే ఇంకో కాంటా ఎక్కించి చూడండి అని ఎన్ని వందల మంది డ్రైవర్లకు చెప్పి ఉంటానో. అంతకన్నా సిగ్గు ఏమిటంటే ఆ ఫైలు బరువు మూడు వందల కేబీ. నలభై నిమిషాల మనిషి గొంతు మూడు వందల కేబీలో పడుతుందా? ఖాళీ లారీకి లోడు బండి అని చీటీ రాసి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే సంగారెడ్డి బస్సెక్కాను. ఇస్నాపూర్, రుద్రారం, కంది. రోజూ ముక్కు మూసుకునే మందుల ఫ్యాక్టరీల వాసన కూడా ఆ రోజు తెలియలేదు. మనసులో ఒకటే లెక్క. ఇరవై ఏళ్లుగా రోజూ అక్కతో ఫోన్‌లో మాట్లాడాను. రోజుకు ఐదు నిమిషాలు వేసుకున్నా ఆరు వందల గంటలు. అందులో దాచుకున్నది సున్నా. అక్క కళ్లు తెరిచి నా మాట ఏదిరా అని సైగ చేస్తే ఏం చెప్పాలి? ఇప్పుడు మళ్లీ చెప్పక్కా అనడానికి కూడా లేదు.

సారు మంచివాడు. ఏవో సాఫ్ట్‌వేర్లు పెట్టి మధ్యాహ్నం దాకా ఆ యంత్రాన్ని గాలించాడు. దొరికినవి ఒక్కటీ తెరుచుకోలేదు. రికార్డర్‌లోని కార్డు ఎప్పుడో తుడిచేశారట. చివరికి నా పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, “గిదేంది అంకుల్, ఇంకోటి ఉన్నది? ఒక ఎంబీకి పైననే ఉన్నది,” అన్నాడు.

నేను మరిచేపోయాను. శబ్దం సరిపోయిందో లేదో చూపించడానికి తెచ్చిన ముక్క అది. నొక్కాడు. చల్లటి ఆ గదిలో మా అక్క లాభం అంది.

బుధవారం ఆస్పత్రికి వెళ్లాను. అక్క మెడ చుట్టూ తెల్లటి కట్టు. నన్ను చూడగానే చెవి దగ్గర చెయ్యి పెట్టి కళ్లెగరేసింది. గుమ్మం దగ్గర బావ నిలబడ్డాడు. ఆ ముక్క ఎక్కించుకున్న ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. లాభం, రెండు, మూడు. పది దాకా అయ్యాక అక్క గొంతు అడుగుతుంది, “సాలా? ఇంక అనాల్నా?” నా గొంతు జవాబు చెబుతుంది, “సాలక్కా.” అంతే. పదమూడు సెకన్లు.

“కడమది పోయిందక్కా,” అన్నాను. “నేనే పోగొట్టిన. గింతే మిగిలింది.”

నేను నేల మీది గళ్లు చూస్తూ నిలబడ్డాను. దుప్పటి కదిలిన చప్పుడైతే తలెత్తాను. అక్క రెండు చేతులూ దోసిలిలా పట్టి, గాలిలో దేన్నో నింపి, పక్కకు వంచింది. వంచి నా వైపు చూసింది. నాకు తోచలేదు. విసుగ్గా ముఖం పెట్టి మళ్లీ నింపి, మళ్లీ వంచింది.

“పదకొండు,” అన్నాను.

తలూపింది. ఇంకో కుంచం పోసింది.

“పన్నెండు.”

ఆమె కొలుస్తూ పోయింది, నేను చెబుతూ పోయాను. ముప్పై ఏడు దగ్గర నర్సు వచ్చి చాలు, ఆమెకు అలుపొస్తుంది అంది.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. బావను చప్పట్లతో తిడుతుంది. నా భయం మాత్రం పోలేదు. ప్రతి నెలా మొదటి తేదీన ఆ పదిహేను ఫైళ్లనూ తెరిచి చూస్తాను, దేన్నీ ఒక్క యంత్రం మీద చూసి నమ్మను, ఇంకో దాని మీద కూడా వేసి చూస్తాను. తెరిచిన ప్రతిసారీ అక్క ‘సాలా?’ అని అడిగే ముందు ఊపిరి బిగబడతాను. సెకనును ఇరవై ఐదు ముక్కలుగా కోయడం నేర్చుకున్నాను గానీ, నేను చాలు అన్న ఆ ముక్కకు ఒక్క ముక్క ముందు కాలాన్ని ఆపి, ఇంకా చెప్పక్కా అనడం ఇప్పటికీ నాకు చేతకాలేదు.