అలుపెరుగని అవకాశవాది

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో మనిషికి కాళ్లు నేల మీద ఆనవంటారు. నాకైతే నాలుక కూడా నోట్లో ఆగలేదు. ఆ రోజుల్లో మా వాడకట్టులో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే (మా ఇంట్లోనైతే పదో తరగతి పాసైన మొదటిదాన్ని కూడా నేనే), కాబట్టి ఆ వార్త తెలియని మనిషి ఊళ్లో ఉండకూడదని పట్టుబట్టాను. కరీంనగర్ నుంచి వచ్చే బస్సులో కండక్టర్ టికెట్ అడగకముందే చెప్పాను. కూరగాయలామెకు చెప్పాను. రాంగ్ నంబరని ఫోన్ పెట్టేయబోతున్న ఒకాయనను ఆపి మరీ చెప్పాను. నిజానికి నేను చదివింది బీఎస్సీ కంప్యూటర్లు, అదీ ఇంగ్లీషు మీడియం. కానీ మా బాపు లెక్కలో డిగ్రీ అంటే డిగ్రీయే, అది పాసైనవాళ్లకు లోకంలోని మాటలన్నీ వచ్చి తీరాలి. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, కొన్నాళ్లు నేనూ అలాగే నమ్మాను.

బాపు సాంచాల మీద పనిచేసేవాడు (మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు). సాంచాల కార్మికుల యూనియన్‌కు లీడరు ఒకాయన ఉండేవాడు. మాకు చుట్టం కాదు, అయినా పిల్లలందరికీ ఆయన కాకా. ఎదురుగా కాకా, వెనకాల మాత్రం జెండాల కాకా. ఎందుకంటే మొదట ఆయన ఎర్రజెండా పట్టాడు. అది రెండుగా చీలితే రెండో ఎర్రజెండా పట్టాడు (రెండింటికీ తేడా ఏమిటో ఆయన చాలాసార్లు చెప్పాడు, నాకే అర్థం కాలేదు). ఆ తర్వాత ఇంకో రెండు రంగులు. మధ్యలో మూడుసార్లు వార్డుకు నిలబడి, మూడుసార్లూ ఓడిపోయాడు. ఆ ఏడు ఐదో పార్టీ ఆయనకు టికెట్ ఇస్తానంది. కాకపోతే జిల్లా నాయకుడొకాయన వచ్చి, ఈయన వెనక జనం ఉన్నారో లేరో చూసుకుని పోతాడట. అందుకని యూనియన్ వాళ్లు కాకాకు సన్మానం పెట్టారు.

నాలుగు రోజుల ముందు కాకా మా ఇంటికి వచ్చాడు. "బిడ్డా, నా గురించి జర నాలుగు ముక్కలు రాయాలె. స్టేజీ మీద నువ్వే సదవాలె. డిగ్రీ పిల్ల సదివితే గా సారు కూడా ఇంటడు."

"నీ పార్టీలన్నీ రాయాల్నా కాకా?"

"రాయి. దాస్తే దాగుతయా? ఊరంత సూసిందే."

"గన్ని ఎందుకు మార్చినవే అన్నా?" అని బీడీలు చుడుతూ మా అవ్వ (అమ్మను మా దగ్గర అలాగే పిలుస్తారు) అడిగింది.

"నువ్వెందుకు చీర మార్చినవ్ చెల్లే?"

"మాసిందని."

"నేనూ గందుకే," అని నవ్వుతూ పోయాడు.

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇంత పెద్ద మనిషికి ఒక పెద్ద మాట కావాలి. ఆశావాది ఉంది, జాతీయవాది ఉంది, సామ్యవాది ఉంది. మరి కార్మికులకు అవకాశాలు ఇప్పించాలని జీవితమంతా వాదించినవాణ్ని ఏమనాలి? మాట తట్టగానే ఒళ్లు పులకరించింది. ఆ మాటను అప్పుడే నేను పుట్టించినంత గర్వపడ్డాను. ఎక్కడో పేపర్లో చూసినట్టు కూడా లీలగా అనిపించింది. పేపర్లో వచ్చే మాటంటే మంచిదే అయ్యుంటుందనుకున్నాను.

"బాపూ, ఇను. అలుపెరుగని అవకాశవాది!"

"అంటే ఏందే?"

"పనోళ్లకు అవకాశాల కోసం కొట్లాడెటోడు."

బాపు ఆ మాటను నాలుగుసార్లు పలికి నోటికి తెచ్చుకున్నాడు. మర్నాడు నేను రాసిన కాగితం పట్టుకుని ఫ్లెక్స్ షాపుకు పోయాడు. షాపాయన కాగితం చూసి, బాపును చూసి, "గిదే ఎయ్యాల్నా? పక్కానా?" అని రెండుసార్లు అడిగాడట. "మా బిడ్డ డిగ్రీ పాసైంది. నువ్వెంత సదివినవ్?" అన్నాడట బాపు. షాపాయన తొమ్మిదిలో ఆపేశాడట. ఉన్నదున్నట్టు వేసిచ్చాడు.

ఆదివారం పొద్దున చౌరస్తాలో, స్టేజీ వెనక, కాకా నిలువెత్తు బొమ్మ, దాని నెత్తిన బారెడు అక్షరాలతో నా మాట. జనం బాగానే వచ్చారు. జిల్లా నాయకుడు కారు దిగి, దండ వేయించుకుని, కుర్చీలో కూర్చున్నాడు. నేను మైకు ముందుకు పోయి, మొదటి ఎర్రజెండా నుంచి ఐదో జెండా దాకా వరసగా చదివి, "ఇన్ని పార్టీలలో పనిచేసిన మన కాకా అలుపెరుగని అవకాశవాది!" అన్నాను. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మైకు సరిగ్గా పలకలేదేమోనని ఇంకోసారి, గట్టిగా చదివాను. ఈసారి చౌరస్తా చౌరస్తా అంతా నవ్వింది. నాయకుడు మెడ తిప్పి ఫ్లెక్స్ చూసి, దగ్గు తెచ్చుకున్నాడు. పక్క యూనియన్ ఆయన వెనక నుంచి, "శభాష్! ఇన్నేండ్లకు నిజం రాసిండ్రు!" అని కేకేశాడు. స్టేజీ మీదున్న మా బడి తెలుగు టీచరమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, కొంగు అడ్డం పెట్టుకుని చెవిలో చెప్పింది: "అమ్మా, అవకాశవాది అంటే లాభం ఎటుంటే అటు దుంకేటోడు."

సిగ్గుతో చస్తారంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. ఇంతలో కాకా లేచి మైకు తీసుకున్నాడు. 'పిల్లకు తెల్వక రాసింది' అంటే చాలు, నవ్వు నా మీదికి మళ్లిపోయేది, ఆయన బయటపడేవాడు. ఆయన అలా అనలేదు.

"ఎందుకు నవ్వుతుండ్రు? గా మాట నేనే రాయమన్న. ఔ, అవకాశం కోసమే తిరిగిన. మొదటి జెండా కూలి పెంచుతరని పట్టిన. వాళ్లు రెండు ముక్కలైతే, కూలి ముచ్చట మర్వని ముక్క ఎనుక పోయిన. మూడోది, మన ఆడపిల్లలకు కరీంనగర్ల హాస్టల్ సీట్లు ఇప్పిస్తమంటె పట్టిన. ఇప్పిచ్చిండ్రు. నాలుగోది సాంచాల కరెంటు బిల్లు తగ్గిస్తరని పట్టిన. తగ్గియ్యలే, ఇడిసిపెట్టిన. గీ ఐదోది మాత్రం నా కోసమే. ముసలోన్నైన, ఒక్కసారన్న గెలువాలనున్నది. గిండ్ల అబద్ధమేమన్న ఉన్నదా?"

నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. అందరికంటే ముందు కొట్టింది పక్క యూనియన్ ఆయనే. కొట్టనిది నాయకుడొక్కడే, ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. నేనూ కొట్టలేకపోయాను. ఆ హాస్టల్లో మూడేళ్లు ఉన్నది నేనే. ఆ సీటు నా మార్కులకు వచ్చిందని అప్పటిదాకా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

టికెట్ ఇంకెవరికో ఇచ్చారు. పేర్లు బయటికొచ్చిన రోజు సాయంత్రం కాకా ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని మరమరాలు తింటున్నాడు.

"తప్పయింది కాకా. గా మాటకు అర్థం తెల్వక రాసిన. నీ టికెట్ నా వల్లనే పోయింది."

"టికెట్ దేంతోని పోయిందో ఎవ్వలకెరుక? గా సారు ఇంకెవ్వలకో ముందే మాటిచ్చి ఉంటడు. ఫికర్ చెయ్యకు."

"మాటకు అర్థం నీకన్న తెలుసా మరి?"

"తెల్వదా బిడ్డా! నలభై ఏండ్ల సంది మీటింగులల్ల నన్ను తిట్టే తిట్టే గది. పొద్దుగాల ఫ్లెక్స్ కడుతుంటెనే సూసిన."

"మరి ఎందుకు పీకేపియ్యలే?"

కాకా మరమరాల గిన్నె నా వైపు జరిపాడు. "పీకుదామనే పోయిన. మీ బాపు దాని కింద నిలబడి ఫోటో దిగుతుండె. తెల్ల అంగి ఏసుకున్నడు. 'అన్నా, మా బిడ్డ రాసింది సూడు' అని నాకే సదివి ఇనిపిచ్చిండు. ఎట్ల పీకుదు?"

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. తెలుగులో ఏది రాసినా ప్రతి మాటా నిఘంటువులో చూడనిదే బయటికి పంపను. అయినా ఆ రోజు స్టేజీ మీద 'రాసింది నేను' అనే రెండు మాటలు అనలేకపోయాను. వాటికి ఏ నిఘంటువూ అక్కర్లేదు. కాకా చెప్పిన అర్థాన్నే బాపు నమ్మాడు. ఇప్పటికీ ఎవరైనా పదిమందికి పనికొచ్చే పని చేస్తే, "మంచి అవకాశవాది రా వీడు" అని నిండు మనసుతో మెచ్చుకుంటాడు. విన్నవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. అర్థం చెప్పాలని ఊరికి పోయినప్పుడల్లా అనుకుంటాను. పోయిన నెల నా ప్రమోషన్ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే, సంతోషం పట్టలేక నన్నే ఆ మాట అనేశాడు. ఔను బాపూ, అన్నాను.