మూడు మిల్లీమీటర్ల రంధ్రం

2016 జూన్ 6, సోమవారం నాకు ఒక ఆఫీసు ఆర్డరు అందింది. నాంపల్లిలోని మా విజ్ఞాన ప్రదర్శనశాల కింది హాల్లో ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేయాలనీ, ఆ పనికి నేను బాధ్యురాలిననీ దాని సారాంశం. అప్పుడు నేను జీవశాస్త్ర విభాగంలో సీనియర్ క్యూరేటర్‌ని. నా పైన డైరెక్టరు ఒక్కరే. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో మంచినీటి తొట్లు నాలుగు పెట్టించాను. ఉప్పునీటిది అదే మొదటిది.

ఉప్పునీటి చేపలకు నీరు చాలా శుభ్రంగా ఉండాలి. అందుకు చూపరులకు కనిపించే తొట్టి కింద, బీరువాలో, ఇంకో చిన్న తొట్టి పెడతారు. దాన్నే సంపు అంటారు. పై తొట్టిలో ఒక మూల పళ్ళున్న గోడ ఉంటుంది. నీరు ఆ పళ్ళ మీదుగా పొర్లి, గొట్టంలోంచి సంపులోకి దిగుతుంది. అక్కడ మొదటి అరలో గుడ్డసంచి చెత్తను పట్టుకుంటుంది. రెండో అరలో నురుగు యంత్రం జిడ్డును లాగేస్తుంది. మూడో అరలోని పంపు శుభ్రమైన నీటిని తిరిగి పైకి పంపుతుంది. ఇది రాత్రింబవళ్ళు ఆగకుండా తిరగాలి.

కరెంటు పోతే ఏమవుతుందన్నదే ఇందులో అసలు లెక్క. పంపు ఆగగానే నీరు పైకెళ్ళే గొట్టంలోంచే వెనక్కి దిగడం మొదలవుతుంది. గొట్టం మూతి పై తొట్టిలో ఎంత లోతున ఉంటే అంత లోతు వరకూ నీళ్ళు కిందికి వచ్చేస్తాయి. ఆ నీళ్ళన్నీ పట్టేంత ఖాళీ సంపులో ఉండాలి.

ఆ లెక్క నేనే వేశాను. పై తొట్టి పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 60. అంటే ప్రతి సెంటీమీటరు లోతుకూ 10.8 లీటర్లు. గొట్టం మూతి నీటిమట్టానికి మూడు సెంటీమీటర్ల కింద ఉంది కనుక 32.4 లీటర్లు. గొట్టాల్లోనూ మూల అరలోనూ ఉన్నవి మరో 14. మొత్తం 46.4 లీటర్లు. సంపులో ఖాళీ 108 లీటర్లు. సరిపోతుందని రాసి, కింద సంతకం పెట్టి ఫైల్లో ఉంచాను.

పని చేసింది యాదగిరి. అబిడ్స్‌లో ఒక సందులో అతనికి చిన్న అక్వేరియం దుకాణం ఉండేది. మా ఆమోదిత కాంట్రాక్టర్ల జాబితాలో అతని పేరు ఉంది. ఆ జాబితా కాగితం చూపించే హోటళ్ళలో, ఆసుపత్రుల్లో తొట్ల పని సంపాదించుకునేవాడు. అఫ్జల్‌గంజ్ నుంచి పైపులు ఆటోలో తెచ్చిన రోజున అతని టేపును నా స్టీలు స్కేలుతో సరిపోల్చి చూశాను.

"నా టేపు మీద గూడ అనుమానమేనా మేడం? పెండ్లి సంబంధం సూసినట్టు సూస్తున్నరు," అన్నాడు.

"సంబంధం చెడితే ఇంట్లో వాళ్ళు ఏడుస్తారు. ఇది చెడితే హాలంతా నీళ్ళు," అన్నాను. అతను నవ్వాడు.

జులై మొదటి వారంలో నీళ్ళు నింపాం. రెండు తొట్లకూ కలిపి 870 లీటర్లు, లీటరుకు 35 గ్రాముల చొప్పున ముప్పై కిలోలకు పైగా ఉప్పు. కొన్నాళ్ళకు ఒక చిక్కు బయటపడింది. గొట్టం మూతి పైపైనే ఉండడంతో నీరు చిందుతోంది. లైటు అద్దం మీద ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. జులై 28న మూతిని ఇరవై సెంటీమీటర్ల లోతుకు దించమన్నాను.

దించాడు. దించి, గొట్టానికి నీటిమట్టం కింద రెండు సెంటీమీటర్ల దగ్గర మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేశాడు. కరెంటు పోయి నీరు వెనక్కి దిగేటప్పుడు మట్టం ఆ రంధ్రం దాకా రాగానే గాలి లోపలికి పోతుంది. గాలి పోతే దిగడం ఆగుతుంది. ఆ పనివాళ్ళ పద్ధతి ఇంకొకటి ఉంది. ఏ మార్పు చేసినా మెయిన్ స్విచ్ ఆపి, నీరు పూర్తిగా నిలిచేదాకా కదలకుండా నిలబడి చూస్తారు. ఇద్దరం నిలబడి చూశాం. సంపు పొంగలేదు. నా పాత లెక్క చెల్లిందనుకున్నాను. నిజానికి ఆ రోజునుంచి నా లెక్కను నిలబెడుతున్నది ఆ రంధ్రమే. దాన్ని నేను ఫైల్లో రాయలేదు.

ప్రారంభోత్సవం ఆగస్టు 26, శుక్రవారం, పదకొండు గంటలకు. పదిన్నరకు డైరెక్టరు వచ్చి తొట్టి ముందు నిలబడ్డారు. రంధ్రంలోంచి చిమ్మే సన్నని ధార వల్ల ఆ మూల నీరు కదులుతోంది. అక్కడ నీళ్ళు ఉడుకుతున్నట్టు కనిపిస్తోందనీ, ఫొటోల్లో బాగుండదేమోననీ అన్నారు. ఆయన అంతకు మించి ఏమీ అనలేదు. మూయమన్నది నేను.

"మేడం, గా హోల్ మూస్తె ఎట్ల?" అన్నాడు యాదగిరి.

"పంపు గొట్టంలో నీరు వెనక్కి రాకుండా వాల్వు ఉంది కదా. కంపెనీ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది."

"ఉప్పునీళ్ళల్ల వాల్వు మీద భరోసా పెట్టుకోవద్దు మేడం. ఒక్క ఉప్పు రవ్వ ఇర్కిందంటె మూసుకోదు. సర్టిఫికెట్‌కు గా సంగతి ఎరుకుండది."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. డైరెక్టరు వింటున్నారు. ముందు చెప్పింది చేయమన్నాను. అతను పుట్టీ పెట్టి రంధ్రం మూశాడు. చేతులు తుడుచుకుని, "జర కరెంటు బంద్ జేసి సూద్దాం మేడం. పది నిమిషాల్ల తెలుస్తది," అన్నాడు. ఇప్పుడు ఆపితే నీరు మబ్బుగా అవుతుంది, అతిథులు బయలుదేరారు, వద్దన్నాను. తర్వాత చూద్దామని కూడా అనలేదు.

ఆగస్టు 30, మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి కరెంటు పోయింది. మా జనరేటరు లైట్లకు మాత్రమే. వాల్వు మూసుకోలేదు. ఇరవై సెంటీమీటర్ల నీరు, అంటే 216 లీటర్లు, గొట్టాల్లోని పద్నాలుగుతో కలిపి 230 కిందికి దిగాయి. సంపులో పట్టింది 108. మిగిలిన 122 లీటర్ల ఉప్పునీరు హాలు దాటి పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ సీతాకోకచిలుకల బీరువాలున్నాయి. నాకు ముందున్న క్యూరేటర్లు జిల్లాలు తిరిగి సేకరించినవి. అడుగు సొరుగులు పద్నాలుగు నానిపోయాయి. తొట్టిలోని పదకొండు చేపలూ బతికాయి.

ముగ్గురు సభ్యుల విచారణ కమిటీ వేశారు. సాంకేతిక సభ్యురాలిగా నన్ను పెట్టారు. అలా పెట్టకూడదని నేను చెప్పవలసింది. చెప్పలేదు. యాదగిరి వాంగ్మూలం ఇంగ్లీషులో కావాలన్నారు. అతనికి ఇంగ్లీషు రాదు. సెప్టెంబరు 2న నా గదికి వచ్చి కూర్చున్నాడు.

"మీరే రాయండ్రి మేడం. ఏం జరిగిందో మీకు ఎరుకే గదా," అన్నాడు.

రాశాను. గొట్టానికి రంధ్రం వేశాననీ, తర్వాత దాన్ని పుట్టీతో మూశాననీ, మూసిన తర్వాత పరీక్ష జరగలేదనీ అతను చెప్పినట్టు రాశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మూయమన్నది ఎవరో, పరీక్ష వద్దన్నది ఎవరో లేదు. అతను చదివి వినిపించమని అడగలేదు. "యాడ పెట్టాలె?" అని అడిగి నేను చూపిన చోట సంతకం పెట్టాడు. పోతూ పోతూ, "సొరుగులు ఎండబెట్టేటప్పుడు నన్ను పిలవండ్రి, ఇద్దరు మనుషులను తీస్కొని వస్త," అన్నాడు.

కమిటీలో డైరెక్టరు లేరు. ఉన్నా మాట్లాడేవారని అనుకోను. సెప్టెంబరు 9న నివేదిక ఇచ్చాం. పనితనంలో లోపం, కాంట్రాక్టరును జాబితా నుంచి తొలగించాలి అని మూడు సంతకాలు. వాటిలో రెండోది నాది.

జాబితా నుంచి తొలగించామన్న ఉత్తరం అందిన రోజున యాదగిరి వచ్చాడు. ఎవరి చేతనో చదివించుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనే మూసిన. మీరు మూయమంటేనే మూసిన. గా ముక్క రాయలేదా మేడం?"

రాయలేదన్నాను.

"మర్చిపోయిన్రా?"

మర్చిపోలేదన్నాను. ఆ ఒక్క జవాబు మాత్రం నిజాయితీగా ఇచ్చాను. అతను "సరే మేడం," అని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది అబిడ్స్‌లో ఆ సందులోంచి వెళ్ళినప్పుడు దుకాణం మీద వేరే బోర్డు ఉంది.

2019 ఏప్రిల్ 30న నా రిటైర్మెంటు. ఏప్రిల్ 15న కొత్త డైరెక్టరుకు రెండు పేజీల లేఖ రాశాను. ఎవరు ఏ తేదీన ఏం చెప్పారో వరసగా పెట్టి, యాదగిరి పేరును తిరిగి జాబితాలో చేర్చమని కోరాను. ఫైలు మూసివేయబడిందని జవాబు వచ్చింది. నా మీద చర్య ఏమీ లేదు. పెన్షనుకు ఆటంకం రాలేదు. లేఖ రాయడానికి రెండేళ్ళ ఏడు నెలలు పట్టింది. రిటైర్మెంటుకు పదిహేను రోజుల ముందు రాస్తే పోయేది పెద్దగా ఉండదన్న సంగతి కూడా నాకు తెలుసు.

ఆ లేఖ ప్రతి తీసుకుని యాదగిరి కోసం కాచిగూడ వెళ్ళాను. అతను అక్కడ వేరేవాళ్ళ దుకాణంలో జీతానికి పనిచేస్తున్నాడు. లేఖను తెలుగులో చెప్పి వినిపించాను. తొట్టి అద్దానికి గమ్ము పెడుతూ చివరిదాకా విన్నాడు.

"గిది అప్పుడు రాసుంటె పనికొచ్చేది మేడం," అన్నాడు. కోపంగా అనలేదు. కాగితం వెనక్కి ఇచ్చేశాడు. తర్వాత ఆ తొట్టి గొట్టం చూపించాడు. "ఇప్పుడు రెండు హోల్స్ పెడ్తున్న. ఒకటి అందరికీ కనిపిస్తది. ఇంకోటి వెనకకు తిప్పి పెడ్త. పెద్దోళ్ళు ఒకటి మూయమన్నా ఇంకోటి ఉంటది."

నీరు తాగమని సీసా ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి చెప్పగలిగింది ఇది. తొట్టిలో ఏ మార్పు చేసినా లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి. మార్చమన్న మనిషే స్విచ్ ఆపి, నీరు నిలిచేదాకా అక్కడ నిలబడాలి. నష్టం జరిగితే నివేదికలో చేసినవాడి పేరుతో పాటు చేయమన్నవారి పేరూ ఉండాలి. నా లెక్కల్లో ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఆ నివేదికలో నా పేరు సంతకం దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.