నలభై రెండు తలుపుల మీద ఒకే పేరు

ఆ ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ ఆయన తాళాలాయనే. నడుముకు గుత్తి, అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడు. మేనేజరు వచ్చాడో లేదో తెలియకపోయినా ఈయన వచ్చాడని మాత్రం మూడో అంతస్తుకు కూడా తెలిసిపోయేది. జబ్బు వచ్చి ఊరు ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు అందరినీ ఇళ్ళకు పంపేసి, భవనానికి ఒక మనిషి ఉండాలి కదా అని ఈయన్ని ఆపారు. రెండు వారాలే అన్నారు. మహానుభావుల లెక్కలో ఆ రెండు వారాలు ఏడాదిన్నర సాగాయి.

భార్య అప్పటికే చెల్లెలి కాన్పుకని వేరే ఊరు వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. ఖాళీగా కూర్చునే మనిషి కాదు, కుట్టుమిషను పెట్టుకుంది, రెండు గదుల ఇల్లు చూసుకుంది. తోడల్లుడు అక్కడి బడిలో ఈయనకు ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. బడి సోమవారం తెరుస్తారు. ఆ రోజే చేరాలి, చేతిలో ఇక్కడినుంచి వదిలిపెట్టినట్టు కాగితం ఉండాలి. ఆఫీసు తెరిచేదీ ఆ సోమవారమే. మేనేజరు కాదనలేదు. ఆఫీసు సిద్ధం చేసి పెట్టు, శనివారం సంతకం పెడతాను, ఆదివారం బస్సెక్కు అన్నాడు.

ఇక చూడాలి ఆయన హుషారు. కుళాయిలు తిప్పి తుప్పునీళ్ళన్నీ పోయేదాకా వదిలాడు. ఆగిపోయిన గడియారాలకు బ్యాటరీలు వేశాడు. సొరుగుల్లో రాయిలా బిగిసిన బిస్కెట్లు, కుర్చీ వీపున ఎవరో వదిలేసిన స్వెట్టరు, దాని నిండా దుమ్ము. కుర్చీ విడిచి కుర్చీకి పసుపు టేపుతో అడ్డగీతలు వేశాడు. మెట్ల మీద ఎక్కేవాళ్ళకో బాణం, దిగేవాళ్ళకో బాణం. తల ప్రాణం తోకకొచ్చింది కానీ, ఒక్కో గది అవుతుంటే ఆదివారం దగ్గరికి జరుగుతున్నట్టుండేది.

శుక్రవారం హెడ్డాఫీసు నుంచి కాగితాలొచ్చాయి, తలుపుకొకటి. ఎప్పుడు తుడిచారో రాసే గళ్ళు, అన్నిటికీ కింద 'బాధ్యులు' అని ఒక గీత. తన చోట చేరే కొత్త మనిషి ఇంకా రాలేదు, ఎవరో కూడా తెలియదు. గీత ఖాళీగా వదిలేయొచ్చుగా అంటారు మీరు. ఆ ఆఫీసు సంగతి మీకు తెలియదు. అక్కడ గడి ఖాళీగా ఉంటే కాగితం తిరుగుటపాలో వెనక్కొస్తుంది. ఒకసారి ఒక్క గడి కోసం ఒకే ఫైలును నాలుగుసార్లు మోసిన మనిషి ఆయన. అందుకని చెయ్యి దానంతటదే గీత మీదికి పోయింది. నలభై రెండు కాగితాల మీదా గుండ్రంగా తన పేరు రాశాడు. తడిగుడ్డ తగిలినా చెరగకుండా ప్లాస్టిక్కు వేయించి, నాలుగు మూలలా అంటించాడు. ఇన్నేళ్ళకు తన పేరు గోడెక్కిందని కాస్త మురిసిపోయాడు కూడా, పిచ్చిమారాజు.

శనివారం మేనేజరు తలుపు తలుపుకీ ఫొటో తీసి హెడ్డాఫీసుకు పంపాడు. మధ్యాహ్నానికల్లా జవాబొచ్చింది. అంతా బాగుంది, ఆరు నెలలు పేర్లు మార్చకూడదు.

"నువ్వే రాశావు కదయ్యా," అన్నాడు మేనేజరు. అతని గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నలభై రెండు చోట్ల నీ పేరుంది. ఇప్పుడు నిన్ను వదిలేశానని రాస్తే నా మెడకు చుట్టుకుంటుంది."

తాళాలాయన తలుపు మీద తన పేరు మళ్ళీ చదువుకున్నాడు. ఎవరి మీద అరుస్తాడు? రాత తనది, అంటించిన చెయ్యీ తనదే. కాగితం లేకుండా వెళితే బడిలో చేర్చుకోరు. ఆదివారం బస్సు వేళకు ఆయన మూడో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి, చేతిలో గుత్తి పట్టుకుని ఏడ్చాడు.

ఫోన్లో భార్య అంతా విన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నలభై రెండు తలుపులకు పూచీ పడ్డారు," అంది. "ఈ ఇంటి తలుపుకు ఎవరు పడతారండీ?"

ఆ మాటతో ఫోన్ పెట్టేసింది.

సోమవారం ఉదయం జనం బాణాల వెంట ఒక్కొక్కరే వచ్చారు. రెండో అంతస్తు గుమాస్తా అమ్మాయి అప్పుడు వదిలేసిన తన స్వెట్టరు దులుపుకుంటూ బయటికొచ్చి తలుపు మీద కాగితం చదివింది. పక్క తలుపుదీ చదివింది.

"తాళాలాయనా, అన్ని తలుపుల మీదా ఇదే పేరుంది. ఎవరీయన?"

ఆయన ఆ కాగితం మూల వేలితో నొక్కాడు.

"ఊరెళ్ళిపోయాడమ్మా," అన్నాడు. "భార్య దగ్గరికి."

మరి ఈ పక్క గది ఎవరు తీస్తారని అడిగిందా అమ్మాయి. ఆయన నడుము దగ్గర తడుముకుని, గుత్తిలోంచి తాళంచెవి తీశాడు.