వెనక గది నల్లా

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచి శ్మశానం పక్క దారినే పొలానికి పోయినదాన్ని. అక్కడ నేను భయపడింది కుక్కలకే. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు.

మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌస్‌ను సాఫ్ట్‌వేర్ కంపెనీ కిరాయికి తీసుకున్న రోజులవి. అక్కడ ఊడ్చే పని, చాయ్ పెట్టే పని నాది. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి, బిల్డింగులో ఏది పాడైనా కంప్యూటర్లో ఎక్కించే పని కూడా నాకే ఇచ్చారు.

వాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులకు ఉన్న పద్ధతే నల్లాలకూ లైట్లకూ పెట్టారు. బాగుచేసినవాడు ‘రిజాల్వ్’ పెట్టాలి. ఫిర్యాదు చేసిన మనిషి కళ్లారా చూసుకున్నాకే ‘క్లోజ్’ చేయాలి.

కరెంటు పనే కాక నల్లాల పనీ చూసే ఎలక్ట్రీషియన్ యాదయ్యది చేవెళ్ల. అక్షరం ముక్క రాదు. పని చేసి వచ్చి చెబితే, ఆయన పేరు మీద రిజాల్వ్ నేనే నొక్కేదాన్ని. క్లోజ్ నొక్కబోతే మాత్రం పక్కనే నిలబడి అడిగేవాడు.

“చూసినవా అక్కా?”

“నువ్వు చేసిన అంటే అయినట్టే గదా.”

“నా మొఖం జూసి క్లోజ్ చేస్తవా? పోయి నల్లా చూడు.”

వెనక గది నల్లా ముట్టుకుంటే కరెంటు తగిలి జుమ్మంటోందని ఒకసారి రాశాను. యాదయ్య బాగుచేశాడు, నేను రిజాల్వ్ పెట్టాను. అప్పుడు కరెంటు లేదు. “వచ్చినంక చూసి క్లోజ్ చెయ్యక్కా” అని ఇంటికి వెళ్లాడు. ఆ రాత్రే గుండె ఆగి పోయాడు. తర్వాత ఆ గదిలో సామాన్లు వేసి తాళం పెట్టారు. కంప్యూటర్లోంచి ఆయన పేరూ తీసేశారు.

కొన్ని నెలలకు, పెద్ద సార్లు వస్తున్నారని ఆ గది తెరిపించారు. ఒక్క ఫిర్యాదు కూడా మిగలకూడదని మేనేజర్ సారే ఆ నల్లా ఫిర్యాదును క్లోజ్ చేశాడు.

తెల్లారేసరికి కంప్యూటర్లో అది మళ్లీ తెరుచుకుని ఉంది. కింద యాదయ్య పేరు మీద, తెలుగులో, రెండే మాటలు: చూసినవా అక్కా?

సారు నన్నే నిలదీశాడు. “ఆయన పేరు మీద నొక్కేది నువ్వే. గిట్ల తెలుగుల రాసేది నువ్వే. ఇంకోసారి తెరుచుకుంటే పనికి రాకమ్మా.”

నా ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. నేనేమో మేడ మీద ప్రోగ్రాములు రాసే పిల్లలను అనుమానించాను. నన్ను తీసేయడానికి సారే వేసిన ఎత్తేమోనని కూడా అనుకున్నాను.

ఆయన రెండోసారి క్లోజ్ చేసిన రోజు నేను షాబాద్‌లో పెళ్లిలో ఉన్నాను. ఫోన్ వచ్చింది. “ఎవరితోని చేయించినవ్?” మళ్లీ అవే రెండు మాటలట.

మర్నాడు వెళ్లి అన్నాను. “తీసేస్తే తీసెయ్యుండ్రి సార్. ముందుగాల ఆ నల్లా చూడుండ్రి.”

కొత్త ఎలక్ట్రీషియన్ నల్లాకు టెస్టర్ ఆనించాడు. ఎర్రగా వెలిగింది. గోడ లోపల వైరు తొడుగు ఊడి ఇనుప పైపుకు తగులుతోంది. వచ్చేవాళ్ల కోసం నల్లా పక్కన కొత్త తువ్వాలు కూడా వేలాడదీసి ఉంది. సారు చాలాసేపు ఆ తువ్వాలునే చూస్తూ నిలబడ్డాడు.

గోడ పగలగొట్టి వైరు మార్చాక టెస్టర్ వెలగలేదు. కరెంటు ఉండగానే నల్లా తిప్పాను. చేతికి చల్లటి నీళ్లు తప్ప ఏమీ తగలలేదు. “చూసిన, యాదయ్యా” అని పైకే అని క్లోజ్ నొక్కాను. అది మళ్లీ తెరుచుకోలేదు.

రాసిందెవరో ఆ కంపెనీ వాళ్లు ఎంత వెతికినా తేలలేదు. నా మీద అనుమానం సారుకు పూర్తిగా పోయిందనీ అనుకోను. నాకు ఇప్పటికీ అంతుపట్టనిది ఒక్కటే. అక్షరం రాని మనిషికి ఆ రెండు మాటలు ఎవరు రాసిపెట్టారు? బతికుండగా ఆయనకు రాసిపెట్టింది నేనొక్కదాన్నే.