ఈల వచ్చిన దిక్కు

ఆ బజారులో అందరూ అతన్ని చెవుల మామయ్య అనేవారు. చెవులు పెద్దవని కాదు. పాడైన రేడియో గుమ్మం దాటకముందే దాని జబ్బేమిటో వినేసేవాడని. ముప్పై ఏళ్ల రిపేరు పనిలో ఒక్కసారీ పొరబడలేదని అతనే చెప్పుకునేవాడు కాబట్టి అది నిజమే అయ్యుండాలి.

అలాంటివాడి షాపులోకి ఒక ఈల జొరబడింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి, మీడియం వేవ్‌లో కథలు వచ్చే వేళకి సన్నగా మొదలై అరగంట సేపు ప్రాణం తీసేది. రిపేరు చేయించుకుని వెళ్లినవాళ్లే సెట్లు తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టసాగారు.

మామయ్య చెక్క చట్రానికి రాగి తీగ పద్దెనిమిది చుట్లు చుట్టి లూప్ ఏరియల్ చేశాడు. దాని అంచు శబ్దం వైపు పెడితే గట్టిగా వినిపిస్తుంది. వెడల్పు ముఖం అటు తిప్పితే శబ్దం చచ్చిపోతుంది. షాపులో నిలబడి తిప్పాడు. ఈల ఆగినచోట చట్రం ముఖం తిన్నగా ఎదుటి టైలరు కొట్టును చూస్తోంది. టైలరు చిన్ననాటి స్నేహితుడే. కానీ నెల క్రితం కరెంటు మిషను కొన్నాడు. ఇంకేం కావాలి?

చట్రం భుజాన, ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని వీధి దాటాడు. ఈ ఈల నీది కాకపోతే నా బోర్డు దింపేస్తానని నలుగురి ముందూ అనేశాడు.

టైలరు మారుమాట లేకుండా ఫ్యూజు పీకి అతని చేతిలో పెట్టాడు. ఈల మోగుతూనే ఉంది.

"ఇప్పుడేమంటావు బావా? నా సూది ఈల వేస్తోందా?"

మామయ్య ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకున్నాడు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. దొంగను సమీపిస్తే ఈల పెరగాలి. ఇక్కడ తగ్గింది. చట్రానికి రెండు ముఖాలనీ, ఒకటి టైలర్ని చూస్తే రెండోది తన వీపు వెనక్కి చూస్తుందనీ అప్పుడు గుర్తొచ్చింది. ఎవరడిగినా అతను మొట్టమొదట చెప్పే సంగతే అది.

వెనక్కి నడిచాడు. అడుగడుక్కీ ఈల పెరిగింది. షాపు దాటి, వంటిల్లు దాటి, వెనకగది తలుపు తోసేసరికి ట్రాన్సిస్టరు కేక పెట్టింది.

భార్య చాప మీద కూర్చుని ఉంది, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎదుట, అతను చెత్తలో పారేసిన ముక్కలన్నీ కలిసి ఒక రేడియో అయ్యాయి. పక్కనే పాత జల్లెడ అంచుకి, ఎలుకలు ఎత్తుకెళ్లాయని అతను తిట్టుకున్న రాగి తీగ, అతని చేతికి ఏనాడూ కుదరనంత పొందికగా చుట్టి ఉంది. ఇలాంటి రేడియో బలాన్ని మీట తిప్పి మరీ సాగదీసి వినబోతే అదే చిన్న స్టేషనై ఇరుగుపొరుగు సెట్లలో ఈల వేస్తుంది. అంత సాగదీయడం అతనికే చేతకాదు.

"అయ్యో, మీ దాంట్లో వినబడుతోందా?" అంటూ ఆమె ఒక మీట రవ్వంత వెనక్కి తిప్పింది. ఈల ఆగింది. అతని ట్రాన్సిస్టరులో కథ గంట కొట్టినట్టు వినిపించింది.

అతను చాప అంచున కూర్చుని జల్లెడ మీది చుట్లు లెక్కపెట్టాడు.

"ఇది నాలుగోది," అందామె. "నేను ముట్టుకుంటే కాయిలు పాడవుతుందన్నారుగా. నిజమేనేమోనని చూశాను. పాడవలేదు."

సాయంత్రం అతను స్టూలెక్కి బోర్డు విప్పుతుంటే, కింద స్టూలు పట్టుకున్నది టైలరే.

"దింపకు బావా. పైన చెల్లెమ్మ పేరు పట్టేంత చోటుంది."

మామయ్య నోట్లోంచి రెండు స్క్రూలూ తీసి, బోర్డు మీది ఆ ఖాళీని జానతో కొలిచాడు.