చెంబు నీళ్లకు ఒప్పుకోని అయ్యగారు

మా అయ్యగారు పోయారని మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. గవర్నర్‌పేటలో నేను టైపు కొట్టే ఆఫీసుకి ట్రంకాల్ వచ్చింది. గన్నవరం దగ్గర మా ఊరి బాప్టిస్టు సంఘానికి ఆయన చాలాకాలం పాస్టరు. వెళ్లగొట్టేదాకా, అని కూడా రాయాలి. అది దాచిపెట్టి ఆయన్ని పొగడడం నాకు చేతకాదు.

పంచె ఎగగట్టి సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగేవారు. ఎవరింటికి వెళ్లినా ప్రార్థన ఆ ఇంటివాళ్లతోనే చేయించేవారు. మా అమ్మమ్మ తనకు మాటలు రావని జంకితే, "మీరే అడగండమ్మా. మీకూ దేవుడికీ మధ్య నేనెందుకు?" అనేవారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు కాదు. నమ్మి, ఆ మాట పదిమంది ముందు చెప్పినవాళ్లకే. బాప్తిస్మం రోజు ముందు తనే కాలువలో దిగి లోతు చూసుకునేవారు.

ఊళ్లో సగం పొలం మా సంఘం పెద్ద, డీకనుదే. ఆయన కొడుకు పెళ్లి మే నెలలో పెట్టుకున్నాడు. గుళ్లో పెళ్లికి ముందు కుర్రాడికి బాప్తిస్మం కావాలి. ఎండాకాలమని కాలువలు కట్టేశారు, చెరువు అడుగంటింది.

"చెంబుడు నీళ్లు నెత్తిన పోసెయ్యండి అయ్యగారూ, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"మునగాలండీ. పాత మనిషిని పాతిపెట్టి లేపడం అది. పిడికెడు మట్టితో ఎవర్ని పాతిపెడతాం? కాలువ వదిలేదాకా ఆగండి."

డీకను ఆగలేదు. తన పొలంలో కూలికి వచ్చే ఇళ్లన్నిటికీ కబురు పంపాడు. ఆదివారం సంఘం కూటంలో "ఈ పాస్టరు వద్దనేవాళ్లు చేతులెత్తండి" అంటే, ఆ కూలివాళ్లు తలలు వంచుకుని చేతులెత్తారు. నాకప్పటికి బాప్తిస్మం కాలేదు, ఓటు లేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

మిషను పెద్దలకు చెప్పుకోమని మా నాన్న బతిమాలాడు. "మన పైన బిషప్పులు లేరయ్యా. సంఘం మాటే మాటని నేర్పింది నేనే. ఇవాళ నాకు గిట్టలేదని మార్చనా?" అన్నారు అయ్యగారు. బెజవాడలో ఒక గదిలో ట్యూషన్లు చెప్పుకుని బతికారు. డీకనుని క్షమించేశారట. అది ఆయన ఇష్టం. నేను క్షమించలేదు. తర్వాత కాలువలో మునిగి సభ్యురాలినయ్యాను. నమ్మకంతోనే మునిగాను, ఆ ఓటు మీద కూడా కన్నుంది.

అయ్యగారి కోరిక ప్రకారం మా ఊళ్లోనే సమాధి చేశాం. గోతిలోకి దించేముందు డీకను బంతిపూల దండతో పెట్టె దగ్గరికి వచ్చి, "అయ్యగారు నాకు సొంత అన్నయ్యండీ..." అని మొదలుపెట్టాడు. నా ఒళ్లు మండిపోయింది.

"ఎవరు మాట్లాడాలో సంఘాన్ని అడగండి పాస్టరుగారూ," అన్నాను.

కొత్త పాస్టరు తడబడ్డారు. అయినా అడిగారు. "ఈయన మాట్లాడాలనేవాళ్లు చేయెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కూలివాళ్లు ఈసారి నేల చూపులు చూడలేదు, డీకను మొహంలోకే చూశారు. ఆయన కొడుకు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా కడుపు చల్లబడింది. దండ వెయ్యలేక, దించలేక, నోరు సగం తెరుచుకుని నిలబడ్డ డీకనుని నేను కళ్లనిండా చూసుకున్నాను.